సోలార్ బ్యాటరీకి కాపలాదారు: చార్జ్ కంట్రోలర్‌ను బిగించడం, వాడడం

“సోలార్ పెట్టించి రెండేళ్లు కాలేదు, అప్పుడే బ్యాటరీ పోయింది.” మా ఓపీలో వరుస కోసం కూర్చున్నవారి నోట ఈ మాట తరచుగా వింటుంటాము. సోలార్ బ్యాటరీకి, ఆసుపత్రికి సంబంధం ఏమిటని మీరు అడగవచ్చు. ఒక బాలింత సంగతి చెబితే ఆ సంబంధం మీకే తెలుస్తుంది.

ఆమె అత్తవారిది మధిర దగ్గర ఒక ఊరు. తొలి కాన్పుకు పుట్టింటికి, చర్ల వైపు అడవి అంచున ఉన్న గూడేనికి వెళ్ళింది. వానాకాలం, అర్ధరాత్రి దాటాక నొప్పులు మొదలయ్యాయి. 108 వచ్చేలోపే సెల్‌ఫోన్ వెలుతురులో కాన్పు అయిపోయింది. తరువాత రక్తస్రావం ఆగలేదు. ఎంత రక్తం పోతున్నదో ఆ మసక వెలుతురులో ఎవరికీ తెలియలేదు. దగ్గరి ఆసుపత్రిలో రక్తం ఎక్కించి ప్రాణం నిలిపారు. కొన్ని వారాల తరువాత పరీక్షల కోసం మా దగ్గరకు వచ్చినప్పుడు, తోడు వచ్చిన తల్లి మా నర్సుతో ఇలా చెప్పింది:

“సిస్టరమ్మా, ఆ డబ్బాలో ఎర్ర లైటు వచ్చి బుగ్గ ఆరిపోతుండె. డబ్బా ఖరాబైందని మా పిల్లగాడు తీసేసి, బుగ్గ వైర్లు సీదా బ్యాటరీకే పెట్టిండు. మూడు నెలలు మంచిగనే వెలిగింది. ఆ రాత్రి మాత్రం పది నిమిషాలు కూడా నిలవలే.”

ఆ డబ్బా ఖరాబు కాలేదు. దాని పని అది చేసింది. ఆ డబ్బా పేరే చార్జ్ కంట్రోలర్. దాని గురించి ప్రతి ఇంటివారికీ తెలియాలనే ఉద్దేశంతో ఈ వ్యాసం వ్రాస్తున్నాము.

కరెంటు ఉన్నా సోలార్ ఎందుకు?

మధిర పట్టణంలోను, చుట్టుపక్కల ఊళ్లలోను కరెంటు ఉంది. అయినా గాలివానకు ఒక చెట్టు తీగల మీద పడితే రాత్రంతా చీకటే. 2022 జూలై 16న భద్రాచలం వద్ద గోదావరి 71.3 అడుగులకు చేరింది. 2024 సెప్టెంబరు 1న మున్నేరు పొంగి ఖమ్మం కాలనీలను ముంచింది. నీరు చేరిన చోట ప్రమాదం జరగకుండా కరెంటు తీసివేయక తప్పదు. ఇక చర్ల, దుమ్ముగూడెం వైపు అడవి లోపలి గూడేలలో సోలార్ దీపమే ఆధారమైన ఇళ్లు ఉన్నాయి.

రాత్రి వెలుతురు ఆరోగ్యానికి ఎంత అవసరమో మా అనుభవంలో చూస్తున్నాము. కట్లపాము రాత్రివేళ తిరుగుతుంది, నేల మీద పడుకున్నవారిని కాటు వేస్తుంది. కాన్పులో రక్తస్రావాన్ని కళ్లతో చూసి గుర్తించాలి. జ్వరంతో ఉన్న బిడ్డకు మందు సీసా మీది గీత కనిపించాలి.

మనకు ఆనుకుని ఉన్న ఛత్తీస్‌గఢ్‌లో ఆ రాష్ట్ర పునరుత్పాదక ఇంధన సంస్థ క్రెడా, 2012 నుండి 2016 వరకు వందలాది ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు సోలార్ పెట్టింది. ఢిల్లీకి చెందిన సీఈఈడబ్ల్యూ అనే పరిశోధన సంస్థ 2017లో ఆ కేంద్రాలపై నివేదిక వెలువరించింది. కరెంటు కొరత ఉండి సోలార్ లేని కేంద్రాలతో పోలిస్తే, సోలార్ ఉన్న కేంద్రాలలో నెలకు దాదాపు రెట్టింపు కాన్పులు జరుగుతున్నాయని అందులో తేలింది. అయితే ప్యానెల్ పెట్టగానే పని అయిపోదు. రాత్రికి కరెంటును దాచి ఉంచేది బ్యాటరీ. ఆ బ్యాటరీని కాపాడేది కంట్రోలర్.

కంట్రోలర్ ఏమి చేస్తుంది?

ఊరి చెరువుకు తూము ఎలాగో బ్యాటరీకి కంట్రోలర్ అలాగ. నీరు ఎక్కువైతే కట్ట తెగుతుంది. అడుగంటితే చేపలు చస్తాయి. రెండూ జరగకుండా చూసేవాడు తూము దగ్గర ఉండాలి. కంట్రోలర్ చేసే పనులు ముఖ్యంగా మూడు.

మొదటిది, ఎక్కువ చార్జి ఎక్కకుండా ఆపడం. 12 వోల్టుల ప్యానెల్ అని మనం పిలిచేది, ఏమీ కలపకుండా ఎండలో పెడితే 21, 22 వోల్టుల వరకు ఇస్తుంది. 12 వోల్టుల నీళ్ల బ్యాటరీకి సుమారు 14.4 వోల్టులు దాటకూడదు. దాటితే లోపలి నీరు మరిగినట్టు బుడగలు వచ్చి ఆవిరైపోతుంది, పలకలు పాడవుతాయి. బ్యాటరీ నిండాక కంట్రోలర్ చార్జిని తగ్గించి 13.6, 13.8 వోల్టుల దగ్గర నిలిపి ఉంచుతుంది.

రెండవది, బ్యాటరీ పూర్తిగా ఖాళీ కాకుండా ఆపడం. వోల్టేజి సుమారు 11కు దిగగానే కంట్రోలర్ దీపాలను ఆపివేస్తుంది. మళ్లీ చార్జి ఎక్కి 12.5 వోల్టుల దాకా వచ్చిన తరువాతనే దీపాలకు కరెంటు వదులుతుంది.

మూడవది, రాత్రివేళ బ్యాటరీలోని కరెంటు వెనక్కి ప్యానెల్‌లోకి పోకుండా అడ్డుకోవడం.

పైన చెప్పిన పిల్లవాడు తప్పించినది రెండవ పనిని. ఆపేవారు లేక బ్యాటరీ రోజూ అడుగంటిపోయింది. అలా ఖాళీగా ఉన్న బ్యాటరీలో సీసపు పలకల మీద సల్ఫేటు గట్టిగా పేరుకుంటుంది. తరువాత ఎంత ఎండ కాసినా అది కరగదు. బ్యాటరీ పైకి బాగానే కనిపిస్తుంది, లోపల మాత్రం కరెంటు నిలవడానికి చోటు ఉండదు. మూడు నెలలు మంచిగా వెలిగిందని ఆ తల్లి అన్నది నిజమే. కానీ ఆ మూడు నెలలూ బ్యాటరీ రోజుకింత చస్తూ వచ్చింది.

ఏ సైజుది కొనాలి?

ముందు మీ అవసరం లెక్క వేసుకోండి. 5 వాట్ల ఎల్‌ఈడీ బల్బులు మూడు, రోజుకు 5 గంటలు వెలిగితే 75 యూనిట్లు కాదు, 75 వాట్ గంటలు మాత్రమే. ఫోన్ చార్జింగ్‌కు ఇంకొక 10 కలిపితే 85. 40 వాట్ల ప్యానెల్ మంచి ఎండ రోజున, నష్టాలు పోగా, 130 నుండి 140 వాట్ గంటలు ఇస్తుంది. ముసురు పట్టిన రోజున అందులో సగం కూడా రాకపోవచ్చు. 40 ఆంపియర్ అవర్ బ్యాటరీలో సగం వరకే వాడుకుంటే సుమారు 240 వాట్ గంటలు. అంటే ఎండ లేకపోయినా రెండు రాత్రులకు పైగా సరిపోతుంది.

ఇటువంటి ఇంటికి 10 ఆంపియర్ల కంట్రోలర్ చాలు. 100 వాట్ల ప్యానెల్ వరకు దానికి పెట్టవచ్చు. కొనేటప్పుడు దుకాణంలో ఈ నాలుగు విషయాలు అడగండి.

1. ఇది పీడబ్ల్యూఎం రకమా, ఎంపీపీటీ రకమా? చిన్న ఇంటికి, 12 వోల్టుల ప్యానెల్‌కు తక్కువ ధర ఉన్న పీడబ్ల్యూఎం సరిపోతుంది. ఎంపీపీటీ ప్యానెల్ శక్తిని ఎక్కువగా రాబడుతుంది, ధర కూడా ఎక్కువ. పై అట్ట మీద ఎంపీపీటీ అని వ్రాసి, లోపల మామూలు రకం ఉన్నవి కూడా బజారులో ఉన్నాయి. మరీ చవకగా ఇస్తే అనుమానించండి.

2. నా ప్యానెల్ దీనికి సరిపోతుందా? ఇప్పుడు బజారులో దొరికే 300 వాట్లు దాటిన పెద్ద ప్యానెళ్లు 40 వోల్టులకు పైగా ఇవ్వగలవు. వాటిని చిన్న పీడబ్ల్యూఎం డబ్బాకు కలిపితే సగం శక్తి వృథా అవుతుంది, డబ్బా కాలిపోయే ప్రమాదం కూడా ఉంది.

3. నా బ్యాటరీ రకానికి దీనిలో సెట్టింగ్ ఉందా? నీళ్లు పోసే బ్యాటరీ, మూసి ఉన్న బ్యాటరీ, లిథియం బ్యాటరీ, ఈ మూడింటికీ చార్జి పద్ధతి వేరు వేరు.

4. వేడికి తగినట్టు చార్జిని సవరించుకుంటుందా? మే నెలలో ఖమ్మం, కొత్తగూడెం వైపు ఎండ 45 డిగ్రీలు దాటే రోజులు ఉంటాయి. వేడిగా ఉన్న బ్యాటరీకి కొంచెం తక్కువ వోల్టేజి చాలు. ఈ సౌకర్యం ఉన్న కంట్రోలర్‌తో బ్యాటరీ ఎక్కువ కాలం వస్తుంది.

పాత ట్రాక్టరు, కారు బ్యాటరీ తెచ్చి పెట్టవద్దు. అవి ఇంజను స్టార్ట్ చేయడానికి క్షణంపాటు ఎక్కువ కరెంటు ఇచ్చేందుకు చేసినవి. రోజూ రాత్రంతా దీపాలు వెలిగిస్తే త్వరగా పాడవుతాయి.

ఎక్కడ బిగించాలి?

ప్యానెల్ దక్షిణానికి తిరిగి ఉండాలి. మధిర ఉత్తర అక్షాంశం దాదాపు 17 డిగ్రీలు కాబట్టి వాలు కూడా అంతే ఉంటే ఏడాదంతా బాగా పని చేస్తుంది. ప్యానెల్ పొడవు పది అంగుళాలకు పై అంచు మూడు అంగుళాలు లేస్తే ఆ వాలు వస్తుంది. చింత, వేప కొమ్మల నీడ ఒక మూల పడినా కరెంటు బాగా తగ్గుతుంది.

కంట్రోలర్ ఇంటి లోపల, గోడకు, పిల్లల చేతికి అందని ఎత్తులో ఉండాలి. ఎండ, వాన, పొయ్యి పొగ తగలకూడదు. నాలుగు వైపులా గాలి ఆడాలి. బ్యాటరీకి మీటరు దూరంలోనే పెట్టండి, కానీ సరిగ్గా దాని నెత్తిన పెట్టవద్దు. బ్యాటరీ నుండి వచ్చే ఆవిరి కంట్రోలర్‌ను తినివేస్తుంది.

బ్యాటరీని చెక్క పలక మీద, గాలి వచ్చే చోట ఉంచండి. పడక గదిలోను, వంట పొయ్యి దగ్గర పెట్టవద్దు. ప్యానెల్ నుండి కంట్రోలర్‌కు కనీసం 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వాడండి. సన్న వైరు వాడితే ప్యానెల్ కరెంటు దారిలోనే వేడిగా పోతుంది. బ్యాటరీ ప్లస్ వైరుకు, బ్యాటరీ దగ్గరలోనే, కంట్రోలర్‌కు తగిన ఫ్యూజు తప్పనిసరిగా ఉండాలి. ఫ్యూజు కాలితే దాని బదులు తీగ చుట్టవద్దు.

వైర్లు కలిపే వరుస

ఈ పని తెలిసిన మెకానిక్‌తో చేయించడం మంచిది. పక్కన నిలబడి ఈ వరుస తప్పకుండా చూసుకోండి.

మొదట ప్యానెల్‌ను గోనె పట్టాతోనో, మందపాటి దుప్పటితోనో కప్పండి. చేతి ఉంగరం, గాజులు, గడియారం తీసివేయండి. స్పానరు రెండు టెర్మినళ్లకు ఒకేసారి తగిలితే నిప్పులు లేస్తాయి.

ఒకటి: ముందుగా బ్యాటరీ వైర్లను కంట్రోలర్ మీద బ్యాటరీ బొమ్మ ఉన్న చోట కలపండి. ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్. తరువాత ఫ్యూజు పెట్టండి. కంట్రోలర్ మేలుకుని లైటు వెలుగుతుంది. అప్పుడు బ్యాటరీ రకం సెట్ చేయండి.

రెండు: తరువాత ప్యానెల్ వైర్లు కలపండి. పైన కప్పిన పట్టా తీసివేస్తే చార్జింగ్ లైటు వెలగాలి.

మూడు: చివరగా దీపాల వైర్లను బల్బు బొమ్మ ఉన్న చోట కలపండి.

బ్యాటరీ ముందు ఎందుకు? అది 12 వోల్టుల బ్యాటరీయా, 24 వోల్టులదా అని కంట్రోలర్ దానిని చూసే తెలుసుకుంటుంది. బ్యాటరీ లేకుండా ప్యానెల్ కలిపితే 20 వోల్టులకు పైబడిన కరెంటు నేరుగా వచ్చి డబ్బానో, బల్బులనో కాల్చవచ్చు. విప్పేటప్పుడు ఇదే వరుస తిరగేయండి: ముందు దీపాలు, తరువాత ప్యానెల్, చివరికి బ్యాటరీ.

ఎర్ర లైటు వెలిగినప్పుడు

కంట్రోలర్ మీద లైట్ల రంగులు కంపెనీని బట్టి మారుతాయి. డబ్బాతో వచ్చిన కాగితాన్ని పారవేయకుండా పక్క గోడకు అంటించుకోండి. బ్యాటరీ తక్కువైందని చూపి దీపాలు ఆరిపోతే ఇలా చేయండి.

• డబ్బాను తప్పించి దీపాలను నేరుగా బ్యాటరీకి కలపవద్దు. ఈ వ్యాసంలో ఒక్క మాటే గుర్తుంచుకునేటట్లయితే ఈ మాట గుర్తుంచుకోండి.
• ఒకటి రెండు రోజులు దీపాలు ఆపి, బ్యాటరీని పూర్తిగా నిండనివ్వండి.
• ప్యానెల్ మీద దుమ్ము, ఆకులు, పక్షుల రెట్ట ఉంటే ఉదయం చల్లని వేళ నీళ్లతో, మెత్తటి బట్టతో తుడవండి. మధ్యాహ్నం కాగిన అద్దం మీద చల్లని నీళ్లు పోయవద్దు.
• వైర్ల బిగింపు వదులైందేమో చూడండి. టెర్మినళ్ల మీద తెల్లటి పొడి పేరుకుంటే మెకానిక్‌తో శుభ్రం చేయించి వాసెలిన్ రాయించండి.
• నీళ్ల బ్యాటరీ అయితే నెలకొకసారి మట్టం చూసి డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయండి. బోరు నీళ్లు, యాసిడ్ పోయవద్దు.
• మంచి ఎండలు కాసినా రోజూ రాత్రి తొందరగా ఆరిపోతుంటే, వాడకం పెరిగిందా, బ్యాటరీ ముసలిదైందా అని మెకానిక్‌కు చూపించండి.

వానాకాలంలో ఇంటిల్లిపాదీ ఒక నియమం పెట్టుకోవాలి. ముసురు పట్టిన రోజున ఒక్క బల్బే వాడండి. ముఖ్యంగా ఇంట్లో నిండు చూలాలు, మంచం పట్టిన పెద్దవారు, పసిబిడ్డ ఉంటే, అర్ధరాత్రికి కొంత చార్జి మిగిలి ఉండాలి. తేదీ దగ్గర పడిన గర్భిణిని వాగులు పొంగకముందే ఆసుపత్రి దగ్గరకు చేర్చడం అన్నిటికంటె మేలు. దీపం దానికి బదులు కాదు.

ఇంట్లో వైద్య పరికరాలు ఉన్నవారికి

కంట్రోలర్‌లోని బల్బు బొమ్మ ఉన్న టెర్మినల్ చిన్న దీపాలకు, చిన్న డీసీ ఫ్యాన్‌కు మాత్రమే. ఇన్వర్టరును అక్కడ కలిపితే డబ్బా కాలిపోతుంది. ఇన్వర్టరును తగిన ఫ్యూజుతో నేరుగా బ్యాటరీకే కలపాలి. అప్పుడు కంట్రోలర్ దానిని ఆపలేదు కాబట్టి, బ్యాటరీ తక్కువైతే తనంతట తాను ఆగే ఇన్వర్టరునే కొనండి.

ఇంట్లో ఆక్సిజన్ కాన్‌సెంట్రేటర్ వాడేవారు గమనించండి. 5 లీటర్ల యంత్రం 300 వాట్లకు పైగా తీసుకుంటుంది. పైన లెక్క వేసిన చిన్న బ్యాటరీ దానిని గంటసేపు కూడా నడపలేదు. చిన్న సోలార్‌ను నమ్ముకుని ఉండవద్దు. నిండు సిలిండరు ఒకటి సిద్ధంగా ఉంచుకుని, కరెంటు పోతే ఏమి చేయాలో ముందే డాక్టరుగారితో మాట్లాడుకోండి. ఫ్రిజ్ కూడా ఈ చిన్న సోలార్‌తో నడవదు. ఇన్సులిన్ దాచుకునేవారు తడి మట్టికుండ పద్ధతిని మా నర్సుల దగ్గర నేర్చుకోవచ్చు.

బ్యాటరీతో ప్రమాదాలు, ప్రథమ చికిత్స

చార్జి ఎక్కేటప్పుడు నీళ్ల బ్యాటరీ నుండి హైడ్రోజన్ వాయువు వస్తుంది. అది నిప్పు తగిలితే పేలుతుంది. నీటి మట్టం చూడడానికి అగ్గిపుల్ల గీయవద్దు, దగ్గర బీడీ కాల్చవద్దు. బ్యాటరీ యాసిడ్ గంధకామ్లం. దానిని, డిస్టిల్డ్ వాటర్‌ను తాగే నీళ్ల సీసాలలో ఎప్పుడూ పోసి ఉంచవద్దు.

కంట్లో యాసిడ్ పడితే: రెప్పలు తెరిచి పట్టుకుని, శుభ్రమైన నీటితో కనీసం 20 నిమిషాలు ధారగా కడగండి. చనుబాలు, ఆముదం, ఇంట్లో ఉన్న చుక్కల మందు వేయవద్దు. కడిగిన తరువాతనే ఆసుపత్రికి బయలుదేరండి. మొదటి నిమిషాలలో చూపును కాపాడేది నీరే.

ఒంటి మీద పడితే: తడిసిన బట్టలు తీసివేసి ఎక్కువ నీటితో కడగండి. సున్నం, సోడా పూయవద్దు.

బిడ్డ మింగితే: వాంతి చేయించవద్దు. నోరు కడిగి వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

పాడైన బ్యాటరీని ఇంటి దగ్గర పగులగొట్టి సీసం తీయవద్దు. సీసపు పొడి పసిపిల్లల మెదడుకు హాని చేస్తుంది. పాత బ్యాటరీని తిరిగి తీసుకునే బాధ్యతను 2001 నాటి నియమాలు తయారీదారులపైన, డీలర్లపైన ఉంచాయి. 2022 నుండి అమలులో ఉన్న కొత్త నియమాల ప్రకారం ఆ బాధ్యత తయారీదారులది. కొత్తది కొనేచోట పాతది ఇచ్చివేయండి. ధరలో కొంత తగ్గిస్తారు కూడా.

చివరగా

ఆ తల్లి, బిడ్డ ఇప్పుడు క్షేమంగా ఉన్నారు. వాళ్ల ఇంట్లో కొత్త బ్యాటరీతో పాటు కంట్రోలర్ కూడా మళ్లీ గోడకెక్కింది. ఎర్ర లైటు వస్తే ఆ పిల్లవాడు ఇప్పుడు ఒక బల్బు ఆర్పి ఎండ కోసం ఎదురుచూస్తున్నాడని వాళ్లమ్మ చెప్పింది.

మీ ఇంట్లోను, మీ ఊరి మందిరంలోను సోలార్ ఉంటే, ఈ పత్రిక చదివిన తరువాత ఒకసారి వెళ్లి చూడండి. ప్యానెల్, బ్యాటరీ, దీపాల మధ్య కంట్రోలర్ ఉన్నదా? బ్యాటరీకి ఫ్యూజు ఉన్నదా? వైర్లు ఎవరైనా డబ్బాను తప్పించి కలిపారా? అలా కలిపి ఉంటే ఈ వారమే సరిచేయించండి. చదవడం రాని ఇరుగుపొరుగువారికి ఈ వ్యాసం చదివి వినిపించండి.